అంబాసిడర్‌లో స్విఫ్ట్ ఇంజిన్ వేయించొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఒడిశాలోని రాయగడ. మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ ఫోర్ పెట్రోల్ బండి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. ఏడాదికి రెండున్నర, మూడు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. పార్వతీపురం అత్తారింటికి, విజయనగరం పైడితల్లమ్మ పండక్కి, కోరాపుట్‌లో చెల్లెలి ఇంటికి, అంతే. రెండేళ్లుగా నీలం పొగ కొడుతోంది, ఆయిల్ తింటోంది. ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కి ఆగిపోతోంది. అరగంట ఆగి, తడిగుడ్డ వేస్తే మళ్లీ స్టార్టవుతుంది. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు దాటదు. ఇంజిన్ పని అయిపోయిందని మా మెకానిక్ అంటున్నాడు. విశాఖ ఆటోనగర్‌లో యాక్సిడెంటైన స్విఫ్ట్ డీజిల్ ఇంజిన్ ఉందట. లక్షన్నరలో ఎక్కించేస్తాను, లీటరుకి 18 వస్తుంది అంటున్నాడు. మా బావేమో వేస్తే అంబాసిడర్‌లోనే వచ్చిన ఇసుజు 1.8 ఇంజిన్ వేయించు అంటాడు. అమ్మకి ఏదీ ఇష్టం లేదు, "మీ నాన్న బండిని పాడుచేయకండ్రా" అంటుంది. ఆర్సీ 2024లో రెన్యువల్ చేయించాం. ఏం చేయమంటారు?

— ఒక పాఠకుడు, రాయగడ

సమాధానం: మీ ఉత్తరంలో ఉన్న జబ్బు ఒకటి కాదు, రెండు. నీలం పొగ, ఆయిల్ తినడం ఒకటి. ఘాట్ మీద ఆగిపోవడం రెండోది. మీ మెకానిక్ ఈ రెండింటినీ కలిపేసి "ఇంజిన్ అయిపోయింది" అన్నాడు. రెండోదానికి ఇంజిన్ అరుగుదలతో సంబంధం ఉండకపోవచ్చు. తడిగుడ్డ వేస్తే స్టార్టవుతోందని మీరే రాశారు కదా, నాకు అక్కడే అనుమానం వచ్చింది. అరిగిపోయిన పిస్టన్ రింగులు తడిగుడ్డతో బాగుపడవు. బాగుపడేది పెట్రోలు.

మీ బండిలో పెట్రోల్ పంపు ఇంజిన్‌ని ఆనుకునే ఉంటుంది. కాకిరిగుమ్మ దగ్గర ఎండలో సెకండ్ గేర్‌లో ఎక్కుతున్నప్పుడు బానెట్ కింద వేడి పేరుకుంటుంది, గాలి ఆడదు. పంపులో, గొట్టాల్లో ఉన్న పెట్రోలు అక్కడే ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. కార్బురేటర్ ఎండిపోతుంది, బండి ఆగుతుంది. చల్లబడగానే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు. పాత అంబాసిడర్ డ్రైవర్లు ఘాట్ కింద బట్ట తడిపి పంపు మీద చుట్టుకుని బయల్దేరేది ఇందుకే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కాబట్టి ఈ బాధ ఇంకాస్త తొందరగా మొదలవుతుంది. దానికి తోడు, పాత రబ్బరు గొట్టాలూ పంపులోని డయాఫ్రం (రబ్బరు పొర) కూడా ఇథనాల్‌ని తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడి, పగిలి, గాలి పీలుస్తాయి.

కాబట్టి ఇంజిన్ మాట ఎత్తకముందు ఈ పనులు చేయించండి. రేడియేటర్ విప్పించి రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించాలి. నలభై ఏళ్ల రేడియేటర్లో సగం గొట్టాలు పూడిపోయి ఉంటే నేను ఆశ్చర్యపోను. ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్ చూడాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉంటే కూడా ఇంజిన్ వేడెక్కుతుంది, బలం తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. మీరు చెప్పిన తొమ్మిదిలో దాని వాటా ఎంతో ఎవరూ చూసినట్టు లేదు. పెట్రోల్ గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. సైలెన్సర్ వైపు వేడి పంపుకీ కార్బురేటర్‌కీ తగలకుండా మధ్యలో ఒక రేకు బిగించమనండి. ఇంత చేసినా ఘాట్ మీద ఆగితే, ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టించడం మరో దారి. వీటిలో ఏదీ ఇంజిన్ దించాల్సిన పని కాదు.

ఇక పొగ సంగతి. అది నిజమైన జబ్బే, కాని ఎంత ముదిరిందో కొలవకుండా చెప్పలేం. పొద్దున్న స్టార్ట్ చేసిన వెంటనే గుప్పున నీలం పొగ వచ్చి తర్వాత తగ్గిపోతే వాల్వ్ గైడ్లు, సీళ్ల మీద అనుమానపడాలి. ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దించి బాగుచేస్తే సరిపోతుంది. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా, ఎక్కుడు మీద నిలకడగా వస్తుంటే రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ). మీరు ఏ పొగో రాయలేదు. కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష, చేయించండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజిన్ వేడిగా ఉండగా, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్ కొలవాలి. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులూ బోరూ అరిగాయి. పెరగకపోతే తప్పు వాల్వుల్లో. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే హెడ్ గ్యాస్కెట్ మధ్యలో పోయి ఉండొచ్చు. గేజి లేని మెకానిక్ చెప్పిన "అయిపోయింది" మీద లక్షన్నర పెట్టకండి.

ఇప్పుడు స్విఫ్ట్ ఇంజిన్. ఆ 1.3 డీజిల్ ఫియట్ వాళ్లు డిజైన్ చేసింది, 1248 సీసీ, మంచి ఇంజినే. దాని సొంత బండిలో బంగారంలా పనిచేసింది. కాని అది బానెట్ కింద అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పే ఇంజిన్. అంబాసిడర్లో ఇంజిన్ నిలువుగా కూర్చుంటుంది, వెనక గేర్‌బాక్సు, దాని వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్, చివర వెనక యాక్సిల్. అంటే స్విఫ్ట్ గేర్‌బాక్సు మీకు పనికిరాదు. ఆ ఇంజిన్‌కి వేరే గేర్‌బాక్సు వెతకాలి, రెంటినీ కలిపే ప్లేటు లేత్ మీద చేయించాలి, క్లచ్ సరిపోవాలి, ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయాలి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు, బండి కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్‌కి తగలకుండా కోయాలి. ఆ వెల్డింగులో అరమిల్లీ తేడా వచ్చినా గేర్‌బాక్సు షాఫ్ట్ ఇంజిన్‌తో సూటిగా ఉండదు. క్లచ్ వణుకుతుంది, బేరింగు అరుస్తుంది, మీరు వర్క్‌షాపు చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

అది లోహం పని, ఎలాగో కానిచ్చారే అనుకుందాం. తర్వాత కరెంటు పని. ఆ ఇంజిన్‌ని నడిపేది కంప్యూటర్. దానికి దాని వైరింగంతా కావాలి, ఎక్సలేటర్ పెడల్ సెన్సార్ కావాలి, తాళం చెవిలోని చిప్పుని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ కావాలి. లేదంటే ఇంజిన్ తిరుగుతుంది గాని అంటుకోదు. కామన్ రైల్లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, డీజిల్ వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో వెళ్తుంది. మీ పాత పెట్రోల్ ట్యాంకులో తుప్పు రేణువు ఒకటి చాలు, ఇంజెక్టర్ పోతుంది. రాత్రి తొమ్మిదికి లక్ష్మీపూర్ దాటాక చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ తెచ్చి చూసేవాళ్లు ఎవరున్నారు అక్కడ? ఇప్పుడున్న ఇంజిన్‌నైతే ఒక స్పానర్ల సంచీ ఉన్న ఏ పాత మెకానిక్ అయినా రోడ్డు పక్కన కూర్చుని నడిపించి పంపగలడు. మీ ప్రాంతానికి ఆ ఇంజిన్ ఇచ్చే అతి పెద్ద లాభం అది. దాన్ని ఎవరూ లెక్కలో వేయడం లేదు.

మైలేజీ ఆశ చూపించాడు కాబట్టి ఆ లెక్కా చూద్దాం. ఏడాదికి 2,700 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకి 9 చొప్పున 300 లీటర్లు. 18 వస్తే 150 లీటర్లు. మిగిలేది 150 లీటర్లు. లీటరు వంద రూపాయలు వేసుకున్నా ఏడాదికి 15,000. లక్షన్నర తిరిగి రావడానికి పదేళ్లు. అదీ లక్షన్నరలోనే అయిపోతే. ఇలాంటి పనుల్లో మొదట చెప్పిన రేటు ఇంజిన్ రేటు మాత్రమే. గేర్‌బాక్సు, రేడియేటరు, లేత్ పని, వైరింగు తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. బండి సగం విప్పి ఉన్నప్పుడు మీరు వద్దనలేరు.

మీ బావగారి సలహా దీనికన్నా ఎన్నో రెట్లు మేలు. ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్‌ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే 1990ల మొదట్లో అంబాసిడర్లో పెట్టి అమ్మారు. అంటే దాని మౌంటింగులూ, రేడియేటరూ, ఐదు గేర్ల బాక్సూ ఆ బండికి కుదిరేలా ఫ్యాక్టరీలోనే చేసినవి. మీ ఇంజిన్ సుమారు 50 హార్స్ పవర్ ఇస్తే అది 75 దాకా ఇస్తుంది. కోరాపుట్ ఎక్కుడు మీద ఆ తేడా మీకు కాలి కింద తెలుస్తుంది. కాని ఇంజిన్ ఒక్కటే తెస్తే లాభం లేదు. తుక్కుకి పోతున్న ఇసుజు అంబాసిడర్ ఒకటి మొత్తంగా దొరకాలి, దానిలోంచి గేర్‌బాక్సు, షాఫ్టు, రేడియేటరు, మౌంటింగులు, వైరింగు, పెడల్ సామాను అన్నీ దించుకోవాలి. మీది స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు ఉన్న బండి అయితే కింద గేరు కోసం ఫ్లోర్ కోయాలి కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, బ్రేకులు. మీ బండికి ముందూ వెనకా డ్రమ్ములే. తర్వాతి మోడళ్లలో ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి. ఎక్కడానికి బలం ఎక్కువైన బండి దిగేటప్పుడు కూడా వేగంగానే దిగుతుంది. పొట్టంగి నుంచి సుంకి మీదుగా సాలూరు వైపు ఘాట్ దిగేటప్పుడు, నలుగురు మనుషులూ డిక్కీ నిండా సామానూ ఉంటే, డ్రమ్ములు వేడెక్కి పట్టు తప్పడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంజిన్ మార్చి బ్రేకులు మార్చకపోవడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. మా ఇంటి బండి అయితే మొదట డబ్బు పెట్టేది బ్రేకుల మీదే, ఇంజిన్ ఏదైనా సరే.

ఇప్పుడు కాగితాలు. చాలామంది ఇక్కడ "ఎవరు చూస్తారు లెండి" అంటారు. చూస్తారు, ఎప్పుడు చూస్తారో కూడా చెప్తాను.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. సీఎన్‌జీ, ఎల్పీజీ, బ్యాటరీ లాంటి వాటికి ఆమోదం పొందిన కిట్లతో మారడానికి చట్టంలో ప్రత్యేకంగా దారి ఉంది. పెట్రోలు బండిలో పాత డీజిల్ ఇంజిన్ ఎక్కించడం ఆ దారి కాదు. అనుమతి లేని మార్పుకి 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

"సాలూరు లారీలవాళ్లు ఇంజిన్లు మార్చడం లేదా?" అని మీ మెకానిక్ అంటాడు. మారుస్తారు. కాని లారీలో అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేస్తారు. పది రవాణా వాహనాలకు తక్కువ కాకుండా ఉన్న యజమానులకు ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వెసులుబాటు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. అదీ అదే తయారీ, అదే రకం ఇంజిన్‌కే. మార్చాక 14 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి. మీ సొంత కారుకి ఆ వెసులుబాటు కూడా లేదు, ముందే అడగాలి.

ఈ లెక్కన చూస్తే ఇసుజు ఇంజిన్ కూడా పూర్తిగా సుఖమైన దారి కాదు. కంపెనీ ఒకటే అయినా మీ ఆర్సీలో 1489 సీసీ అని ఉంటుంది, అది 1817 సీసీ. రాయగడ ఆర్టీఓ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అందుకే ఇంజిన్‌కి అడ్వాన్సు ఇచ్చే ముందే దరఖాస్తు పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటర్ దగ్గర ఎవరో "అయిపోద్ది లెండి" అన్నది జవాబు కాదు.

ఎప్పుడు చూస్తారంటే, 2029లో. మీ ఆర్సీ ఐదేళ్లకు రెన్యువల్ అయింది. మళ్లీ వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిచూస్తాడు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజు 10,000 అయింది. ఆ డబ్బు కట్టి, బండి తీసుకెళ్లి, నంబరు కలవక వెనక్కి రావడం ఎవరికి కావాలి? అంతకుముందే ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ చూస్తాడు. పాలసీ మీద ఉన్న ఇంజిన్ ఒకటి, బండిలో ఉన్నది ఇంకొకటి అయితే క్లెయిమ్ ఎగ్గొట్టడానికి వాళ్ల చేతికి మీరే కారణం ఇచ్చినట్టు.

అసలు ముందు ఒక పని చేయండి. ఈ రాత్రే బానెట్ ఎత్తి, గుడ్డతో తుడిచి, ఇంజిన్ నంబరు చదివి ఆర్సీతో పోల్చండి. నలభై ఏళ్ల బండి కదా, మీ నాన్నగారి కాలంలోనే ఎప్పుడో ఇంజిన్ మారి ఉండొచ్చు. రెన్యువల్ అయింది కాబట్టి కలుస్తుందనే అనుకుంటాను, అయినా చూడండి. కలవకపోతే ముందు దాన్ని సరిచేయించాలి. 1984లో రాయగడ జిల్లానే లేదు, 1992లో కోరాపుట్ నుంచి విడిపోయింది. కాబట్టి మొదటి రిజిస్ట్రేషన్ కాగితాల కోసం కోరాపుట్ ఆఫీసుకి వెళ్లాల్సి రావచ్చు.

మీ అమ్మగారి మాటకి చట్టంలో కూడా బలం ఉందని తెలిస్తే ఆవిడ సంతోషిస్తారేమో. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారుని, అసలు రూపం చెడకుండా, ఇంజిన్, బాడీ, ఛాసిస్‌లలో పెద్ద మార్పులు లేకుండా కాపాడితే వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. పదేళ్లకు 20,000 ఫీజు, 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు. రోజువారీ తిరగడానికి మాత్రం కుదరదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ అంతే. మీ బండికి 2034లో 50 నిండుతాయి. స్విఫ్ట్ ఇంజిన్ వేసిన రోజు ఆ తలుపు మూసుకుపోతుంది.

కాబట్టి నా సలహా ఇది. కంప్రెషన్ చూశాక బోరు నిజంగానే అరిగిందని తేలితే, ఉన్న ఇంజిన్‌కే పని చేయించండి. బోరు కొట్టించడం, పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, వాల్వులు. ఇప్పటికే ఎన్నిసార్లు బోరు కొట్టారో పిస్టన్ మీద ఉన్న ఓవర్ సైజు అంకె చెప్తుంది. 20 (అంటే అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు) ఉంటే ఇంకా చోటుంది. చివరి సైజుకి వచ్చేసి ఉంటే స్లీవులు (సిలిండర్లో దిగ్గొట్టే కొత్త గొట్టాలు) వేయించాలి. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించండి. ముందే కొట్టించి తర్వాత దొరికిన పిస్టన్‌తో సర్దుకునే లేత్‌వాళ్లు ఉంటారు, అక్కడే ఇంజిన్ మళ్లీ ఆయిల్ తినడం మొదలవుతుంది. హెడ్ దించినప్పుడే ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి. ఈ ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలు కాలంలో తయారైంది, మన దగ్గర 2000 నుంచి సీసం లేని పెట్రోలే. పాత మెత్తటి సీట్లు ఎక్కుడు మీద తొందరగా అరుగుతాయి. ఈ పని విజయనగరంలోనో విశాఖలోనో మంచి లేత్ దగ్గర చేయించి, బిగించడం మాత్రం మీ మెకానిక్‌కి ఇవ్వండి. అతనికి ఈ ఇంజిన్ తెలుసు, స్విఫ్ట్ ఇంజిన్ తెలియకపోవచ్చు.

బ్లాకే పగిలిందనో, క్రాంక్ పనికిరాదనో తేలితే అప్పుడు అదే 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఇంకొకటి వెతకండి. తయారీ అదే, రకం అదే, మారేది నంబరు ఒక్కటే. ఆర్టీఓ అనుమతికి ఇదే సులువు. అమ్మేవాడి దగ్గర ఇంజిన్ నంబరు వేసిన బిల్లు, ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్సీ నకలు, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం అడగండి. అవి లేవంటే ఎంత చవకైనా వదిలేయండి. దొంగబండి ఇంజిన్ కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి వాహన్ సమన్వయ్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వెతికి చూసుకోండి. ఆంధ్రాలో కొంటున్నారు కాబట్టి ఇంకో చిన్న మాట: బిల్లు ఇంగ్లీషులో రాయించుకోండి. చేత్తో గీకిన తెలుగు బిల్లు పట్టుకుని ఒడిశా ఆఫీసుకి వెళ్తే, చదివి చెప్పడానికి మళ్లీ మీరే దొరుకుతారు. అనుమతి వచ్చాక ఆర్సీలో నంబరు ఎక్కించుకుని, ఇన్సూరెన్స్ పాలసీలో కూడా మార్పించాలి.

ఇంజిన్ పని చేయించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు కోరాపుట్ వైపు వెళ్లకండి. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా చదును రోడ్డు మీద, ఒకే వేగం పట్టకుండా, బరువు లేకుండా తిప్పండి. ఐదు వందల దగ్గర ఒకసారి ఆయిల్ మార్చండి. పైడితల్లమ్మ పండగ లోపు పని అవ్వాలని మెకానిక్‌ని తొందరపెట్టకండి, ఈ ఏడాదికి రైల్లో వెళ్లినా ఫరవాలేదు.

కంప్రెషన్ టెస్ట్ అయ్యాక నాలుగు సిలిండర్ల అంకెలూ, ఆయిల్ పోశాక వచ్చిన అంకెలూ, పొగ ఏ సమయంలో వస్తోందో రాసి పంపండి. బోరా, హెడ్డా అన్నది అప్పుడు చెప్తాను.